కషాయానికీ ఒక ఊరుంటుంది

బీజాపూర్ నుంచి బాసగూడ వైపు పోయే దారిలో ఉంది ఆవపల్లి. ఛత్తీస్‌గఢ్‌లో, బస్తరు దక్షిణపు కొసన, ఉసూరు బ్లాకులో. 2007లో బీజాపూర్ జిల్లా వేరుపడేదాకా దంతెవాడ జిల్లా లెక్కలోది. ఈ చుట్టుపక్కల సంతల్లో దోర్లా, గోండి, హల్బీ, తెలుగు కలగలిసి వినబడతాయి. హిందీ ఎక్కువగా ఆఫీసు గడప లోపల వినబడుతుంది. దోర్లావాళ్ళు గోదావరి ఒడ్డు కోయలకు దగ్గరి చుట్టాలు. అందుకే మాటలోనూ చెట్టూచేమల పరిచయంలోనూ ఈ ఊరు జగదల్‌పూర్ కంటే చర్లకూ భద్రాచలానికీ దగ్గర. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, కరక్కాయ ఏరుకుని బతికే చోట జలుబుకూ దగ్గుకూ కడుపునొప్పికీ మందు కూడా అడవి నుంచో పోపులపెట్టె నుంచో రావడంలో వింత లేదు. నాకు వింతగా తోచేది ఇంకొకటి. ఇంటి మందు మంచిదా కాదా అన్న తగవులో మనం ఎప్పుడూ మందు గురించే వాదించుకుంటాం. ఆ మందు తాగే మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో అడగం.

ఈ సంవాదంలో ఇద్దరే మాట్లాడతారు. ఒకరు ఆవపల్లిలో స్థిరపడిన తెలుగు బడిపంతులు, పదవీ విరమణ చేసినవారు. రెండోది ఆయన మేనకోడలు, నర్సు శిక్షణ పూర్తిచేసిన అమ్మాయి. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్ళే. వాళ్ళ వాదాలు మాత్రం కల్పితాలు కావు, ఆ ప్రాంతంలో ఏ అరుగు మీదైనా వినబడేవే. నేను ఎవరి పక్షమో దాచను, అమ్మాయి పక్షమే. అలాగని మామయ్యను తెలివితక్కువవాడిగా చూపించి గెలిస్తే అది గెలుపు కాదు. అందుకని ఆయన చేతికి ఇవ్వగలిగిన బలమైన మాటలన్నీ ఇచ్చాను.

మామయ్య: నీ చదువును నేను కాదనను అమ్మాయ్. కానీ మీవాళ్ళు ఇంటి వైద్యం అనగానే దాన్ని తీసుకుపోయి చేతబడి పక్కన కూర్చోబెడతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మీలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. పంటినొప్పికి లవంగం, దగ్గుకు తేనె, కడుపుబ్బరానికి వాము, వికారానికి అల్లం, గొంతు గరగరకు ఉప్పునీళ్ళు. ఇందులో ఎవరికి ఏం కీడు జరిగింది చెప్పు. పసుపు సంగతే తీసుకో. పుండు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి తమదేనని 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు తెచ్చుకుంది. మన శాస్త్ర పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్. వెళ్ళి, పాత గ్రంథాలు ముందు పెట్టి, 1997లో దాన్ని రద్దు చేయించింది. అమెరికా పేటెంటు ఆఫీసుకే ఒప్పుదలైన పసుపు మన ఊరి ఆసుపత్రికి ఒప్పుదల కాకపోతే ఆ లోపం పసుపుదా, ఆసుపత్రిదా? పైగా ఈ చిట్కాలకు ఖర్చు లేదు, ప్రయాణం లేదు, ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. పేదవాడి మర్యాద మిగిల్చే వైద్యం ఇదొక్కటే.

అమ్మాయి: మర్యాద సంగతి నేను ఒప్పుకుంటాను మామయ్యా, దాన్ని మళ్ళీ ఎత్తుతాను కూడా. ముందు పసుపు. పేటెంటు ఆఫీసు తేల్చింది పసుపు పనిచేస్తుందని కాదు, ఆ వాడకం కొత్తది కాదని. పాతది అని తేలడం వేరు, పనిచేస్తుందని తేలడం వేరు. మనం ఈ రెంటినీ ఒకే మూటలో కడతాం. ఇక మీరు చెప్పిన మిగతావాటిలో చాలావాటితో నాకు తగవు లేదు. లవంగంలోని యూజెనాల్‌ను పళ్ళ డాక్టర్లే తాత్కాలికంగా పన్ను పూడ్చే మందులో కలుపుతారు. దగ్గుకు తేనె పిల్లల మీద పరీక్షించి చూశారు. ఏమీ ఇవ్వకపోవడం కంటే మేలని తేలింది, ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసేవాళ్ళు 2019లో దాన్ని చేర్చారు. ఏడాది నిండని పసివాళ్ళకు మాత్రం తేనె నాకించకూడదు, బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. గర్భిణుల వికారానికి అల్లం కొంత పనిచేస్తుంది. అయితే ఒక సంగతి గమనించండి. మీరు పేర్కొన్న బాధల్లో చాలావరకు వాటంతటవే తగ్గేవి. మామూలు జలుబు వారం పది రోజుల్లో పోతుంది, మిరియాలు వేసినా వేయకపోయినా. కాబట్టి అక్కడ చిట్కా చేసే పని రోగాన్ని కుదర్చడం కాదు. రోగం పోయేదాకా మనిషిని ఓపిగ్గా కూర్చోబెట్టడం. అది చిన్న పనేమీ కాదు, నేను తేలిగ్గా చూడను. గొంతుకు వెచ్చగా ఏదో పడుతుంది, పక్కన ఎవరో కూర్చుని కలిపి ఇస్తారు. కానీ దాని పేరు ఆగడం. ఇంటి వైద్యంలో నూటికి తొంభైపాళ్ళు ఆగడమే. అందుకని చిట్కాను తూచాలంటే నేను అడిగేది ఈ ఆకులో గుణం ఉందా లేదా అని కాదు. ఈ బాధతో, ఈ ఊళ్ళో, ఈ మనిషి ఆగవచ్చా అని.

మామయ్య: ఆగడం అంటూ అన్నిటినీ ఒకే గాటన కట్టేశావు. జ్వరానికి మేమిచ్చే నేలవేము కూడా ఆగడమేనా? ఆ చేదు నోట్లో పడితే ఒళ్ళు జలదరిస్తుంది, చెమట పడుతుంది, జ్వరం దిగుతుంది. తిప్పతీగ కషాయం ఉంది. బస్తరంతా తినే ఎర్ర చీమల పచ్చడి ఉంది, అది తిన్నవాడికి జ్వరం అంటదని ఊళ్ళో నమ్మకం. చేదుకు జ్వరం భయపడుతుందన్న మాట మీ వైద్యానికీ తెలుసు. సింకోనా బెరడు చేదు కాదా? 1820లో ఫ్రాన్సులో దాన్నుంచి క్వినైన్ తీశారు, వందేళ్ళకు పైగా లోకమంతా దాన్నే మింగింది. చెట్టులోంచి తీసి సీసాలో పోస్తే మందు, చెట్టునుంచి కోసుకుని గిన్నెలో మరిగిస్తే మూఢనమ్మకం. ఇదేం న్యాయం?

అమ్మాయి: చెట్టును నేను చిన్నచూపు చూడటం లేదు. మీరు క్వినైన్ దగ్గర ఆగిపోయారు, నేను ఇంకాస్త ముందుకు వెళ్ళి చెబుతాను. ఈ రోజు ఆవపల్లిలో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాకు ఇచ్చే మూడు రోజుల మాత్రల్లో ముఖ్యమైన మందు కూడా చెట్టుదే. చైనాలో 1967 మే 23న మలేరియా మందుకోసం రహస్యంగా ఒక పథకం మొదలుపెట్టారు, ఆ తేదీనిబట్టే దానికి 523 అని పేరు. అందులో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథాల నుంచి, వైద్యుల దగ్గర నుంచి దాదాపు 2,000 ఇంటి మందుల విధానాలు సేకరించింది. వాటిలోంచి సుమారు 200 మొక్కలు ఏరి, 380 రకాల సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. ఒక్క మొక్క నిలబడింది, మాచిపత్రి జాతిది. అదీ మొదట్లో ఒకసారి పనిచేసి ఒకసారి చేయక ఏడిపించింది. చివరికి నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ పుస్తకంలో దారి దొరికింది. ఆయన ఆ ఆకును మరిగించమనలేదు. చన్నీళ్ళలో నానబెట్టి పిండి, ఆ రసం తాగమన్నాడు. వేడికి మందు చచ్చిపోతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. తక్కువ వేడిలో ఈథర్‌తో తీస్తే పనిచేసింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు చెప్పండి మామయ్యా, ఈ కథ ఎవరి పక్షం? చెట్టులో మందు ఉందన్న మీ మాట నిజం. కానీ ఆ చెట్టే మన పెరట్లో ఉండి, మనం మన అలవాటు ప్రకారం దాన్ని నాలుగో వంతు మిగిలేదాకా మరిగించి ఉంటే మలేరియా రోగి చేతిలో చేదు నీళ్ళు తప్ప ఏమీ మిగిలేది కాదు. రెండు వేల విధానాల్లో ఒకటి నిలబడిందంటే తక్కినవాటిని నమ్మి తాగినవాళ్ళూ తమకు తగ్గిందనే చెప్పి ఉంటారు.

వాళ్ళు అబద్ధమాడారని కాదు నేననేది. మలేరియా జ్వరం నడకే అలాంటిది. చలి, వణుకు, మంట, చెమట, తర్వాత హాయి. మందు వేయకపోయినా కొన్ని గంటలకు దిగుతుంది, మళ్ళీ వస్తుంది. వణుకు మొదలైనప్పుడు నేలవేము తాగినవాడికి చెమట పట్టేవేళకు జ్వరం దిగి ఉంటుంది. కళ్ళెదుట కనబడిన రుజువు అది, ఎవరైనా నమ్ముతారు. ఇంకొకటి ఉంది, దీనికంటే లోతైనది. ఏటేటా మలేరియా వచ్చే ఊళ్ళలో పెరిగిన పెద్దవాళ్ళకు ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఏర్పడుతుంది. పురుగు నెత్తుట్లో ఉన్నా తిరుగుతూ పనిచేసుకుంటూ ఉంటారు. ఆ తాతకు నేలవేముతో తగ్గడం నిజమే కావచ్చు, నిజానికి తగ్గించింది ఆయన ఒళ్ళు. ఆ అనుభవాన్నే ఆయన మూడేళ్ళ మనవడి మీద పెడతాడు. మనవడికి ఆ శక్తి ఇంకా రాలేదు. గర్భిణికి ఉన్న శక్తి కూడా సడలుతుంది. ఇంట్లో అందరికంటే నమ్మదగిన మనిషి అనుభవమే ఇక్కడ అందరికంటే ఎక్కువ దారి తప్పిస్తుంది.

మామయ్య: సరే, మాటకు ఒప్పుకుంటాను. ఇక నువ్వు ఈ నేల మీద నిలబడి మాట్లాడు. వానాకాలంలో బాసగూడ దగ్గర తాలిపేరు పొంగితే అవతలి ఊళ్ళు దీవులే. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైన తర్వాత ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయి, జనం గోదావరి వైపు, ఖమ్మం అడవుల్లోకి తరలిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ ఏళ్ళలో ఆసుపత్రి ఎక్కడుంది, డాక్టరు ఎక్కడున్నాడు? వాళ్ళ వెంట పోయింది ఆకులూ వేళ్ళూ గుర్తుపట్టే తెలివి ఒక్కటే. ఇప్పుడైనా పట్నానికి పోతే ఏం జరుగుతోంది? పేరుకు ముందు డాక్టరని రాసుకున్నవాడు జ్వరమంటే ఒక సూది, నీరసమంటే ఒక సెలైన్ సీసా. జలుబుకు యాంటీబయాటిక్. రక్తం చూడడు, పేరు అడగడు. అతను ఇచ్చే మాత్ర కూడా జ్వరాన్ని దించి ఊరుకుంటుంది. మరి నా నేలవేము చేసిన పాపమేమిటి? దూరంగా ఉన్న మంచి వైద్యం పేరు చెప్పి దగ్గరున్న ఆధారాన్ని లాక్కోకండి.

అమ్మాయి: ఈ మాటకు మాత్రం నేను మీకు నమస్కారం పెడతాను. పారాసిటమాల్ ఒక్కటి ఇచ్చి పంపేవాడికీ నేలవేము ఇచ్చి పడుకోబెట్టేవారికీ తేడా ఏమీ లేదు, ఇద్దరూ జ్వరాన్ని దించి రోగాన్ని దాస్తున్నారు. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ ఇవ్వడం చదువుకున్నవాళ్ళ మూఢనమ్మకం. కానీ దూరం గురించి మీరు చెప్పింది నాకు పూర్తిగా తలకిందులుగా కనిపిస్తోంది. ఆసుపత్రి దూరం కాబట్టి ఇంట్లో ఆగాలి అంటున్నారు. ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నవాడే మామయ్యా ఆగగలిగేది. హైదరాబాదులో ఒకరికి జ్వరం వస్తే రెండు రోజులు కషాయం తాగి చూడవచ్చు, మూడో రోజు ముదిరితే పదిహేను నిమిషాల్లో డాక్టరు ముందు ఉంటాడు. పైగా అతని జ్వరం ఫాల్సిపారం అయ్యే అవకాశం చాలా తక్కువ. ఇక్కడ రెండూ తిరగబడ్డాయి. మందు వేయని ఫాల్సిపారం ఇరవై నాలుగు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడుకు ఎక్కాక డోలీ కట్టుకుని బయల్దేరితే దారిలో వాగు. దూరం ఎంత ఎక్కువైతే బయల్దేరే వేళ అంత ముందుకు జరగాలి. గుంటూరులో ఏ కీడూ చేయని కషాయమే ఆవపల్లిలో ఒక రాత్రిని మింగేస్తుంది. కషాయం మారలేదు, ఊరు మారింది.

ఇక డాక్టరు లేడన్న మాట. జ్వరానికి ఇక్కడ మొదట కావలసింది డాక్టరు కాదు, ఒక రక్తపు చుక్క. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ పథకం మొదలైంది, దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ళ ముందు. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో నేస్తం. ఏ గూడెం ఆడమనిషిని ఆ గూడేనికే ఆరోగ్య కార్యకర్తగా పెట్టారు. ఆమె సంచిలో మలేరియా కిట్ ఉంటుంది, మూడు రోజుల మాత్రలు ఉంటాయి. వేలు గుచ్చి చుక్క వేస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో గీత తేలుతుంది. మీరు ఇందాక మర్యాద అన్నారు చూడండి, ఆమె ముందు ఎవరూ చేతులు కట్టుకోనక్కర్లేదు. దోర్లాలో తిట్టినా అర్థం చేసుకుంటుంది. 2020 జనవరిలో మలేరియా రహిత బస్తరు పేరుతో ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసినప్పుడు మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని చూస్తే 64 వేలకు పైగా మందికి మలేరియా బయటపడింది. అందులో సగానికి మించి జ్వరమే లేనివాళ్ళు. నడుస్తూ, కట్టెలు కొడుతూ, దోమల ద్వారా పక్కవాడికి పంచుతూ ఉన్నవాళ్ళు. జ్వరమే లేని మలేరియాకు ఏ తల్లి మాత్రం ఏ కషాయం కాస్తుంది? ఇది అమ్మమ్మల తెలివి తక్కువై జరిగిన పొరపాటు కాదు. కంటికి కనబడని దాన్ని కంటితో పట్టుకోలేం, అంతే. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి చూసినప్పుడు కూడా అతనికి కావలసి వచ్చింది సూక్ష్మదర్శినే.

(ఇక్కడ నేను ఒక మాట అడ్డం వేస్తాను. తెలుగులో ఇంటి వైద్యం మీద వచ్చే పుస్తకాలూ వారపత్రికల శీర్షికలూ టీవీ చిట్కాలూ ఎక్కడ కూర్చుని రాసినవో చూడండి. రాసినవాడు పట్నంలో ఉంటాడు, చదివేవాడూ పట్నంలోనే ఉంటాడని అనుకుంటాడు. జ్వరమా, తులసి వేసి కాచి తాగండి. ఏ జ్వరం, ఏ ఊళ్ళో, వాన పడి ఎన్నాళ్ళైంది అన్న ప్రశ్న లేదు. అదే శీర్షికను మిర్చి కోతలకు ములుగు వైపు, ఖమ్మం వైపు వచ్చిన బీజాపూర్ కూలీ పక్కన కూర్చున్న మేస్త్రీ చదివితే ఏమవుతుంది? దోమ కుట్టిన వారం పది రోజులకు గానీ మలేరియా జ్వరం బయటపడదు. అంటే ఆ కూలీ తన ఊరిని నెత్తుట్లో పెట్టుకుని గోదావరి దాటి వస్తాడు. ఖమ్మంలో ఉన్నా అతని జ్వరం ఆవపల్లి జ్వరమే. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేప మందుకోసం, 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా మందుకోసం నిలబడ్డ వరసల మీద మనం ఎన్నో పేజీలు రాసుకున్నాం. ఇంట్లో గిన్నె ముందు నిలబడే వరస కంటబడదు కాబట్టి దాని మీద ఎవరూ రాయరు.)

మామయ్య: నీ గీతల కిట్ ఎప్పుడూ నిజమే చెబుతుందా? ఆ మాత్రలు అందరికీ పడతాయా? లోపాలు మీ వైపూ ఉన్నాయి.

అమ్మాయి: ఉన్నాయి. కిట్ కొన్నిసార్లు పురుగును పట్టుకోలేదు. రోగం తగ్గాక కూడా కొన్ని వారాలు గీత చూపించి భయపెడుతుంది. ప్రైమాక్విన్ అనే మాత్ర నెత్తుట్లో జి6పిడి అనే ఎంజైము తక్కువ ఉన్నవాళ్ళకు పడదు, ఎర్రకణాలు చితికిపోతాయి. ఒకప్పుడు రాజ్యమేలిన క్లోరోక్విన్‌కు ఫాల్సిపారం లొంగడం మానేసింది. ఇవన్నీ మీకు నేనెలా చెప్పగలుగుతున్నాను? ఎవరో లెక్క రాశారు కాబట్టి. తప్పిన చోట తప్పిందని రాసుకోవడమే ఆ వైద్యానికి ఉన్న గొప్ప, అంతకు మించి దానికి కొమ్ములేమీ లేవు. నేలవేము ఎంతమందికి పడలేదో ఏ ఊళ్ళోనైనా లెక్క ఉందా? పడనివాడు చెప్పడానికి మిగలడు, పడినవాడు పదిమందికి చెబుతాడు.

మామయ్య: మరి పచ్చకామెర్లకు నేల ఉసిరి? మద్రాసు డాక్టర్లు 1988లో 'లాన్సెట్' వైద్యపత్రికలోనే రాశారు కదా, హెపటైటిస్ బి పోతోందని. అది లెక్క కాదా? అంతెందుకు, మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారికి సంగ్రహణి వస్తే కాపాడింది ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదమే. ఆయన అన్నదమ్ములు ఆ రోగంతోనే పోయారు.

అమ్మాయి: నేల ఉసిరిది లెక్కే. అందుకే మిగతావాళ్ళు దాన్ని పట్టించుకుని తామూ చేసి చూశారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. మామూలుగా నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లవి, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. ఆకు పసరు పోసినవాడికీ మంత్రం వేసినవాడికీ పేరు అలా వస్తుంది. ఒంటి మీద వాతలు పెట్టినవాడికి కూడా వస్తుంది, అది మాత్రం దారుణం. మళ్ళీ నా మాట ఊరి దగ్గరికే వస్తుంది. భీమవరంలో కళ్ళు పచ్చబడితే అది కామెర్లే అయి ఉంటుంది. ఆవపల్లిలో జ్వరంతోపాటు కళ్ళు పచ్చబడితే అది ముదిరిన మలేరియా కూడా కావచ్చు. ఇక సుబ్బారావుగారు. తగ్గాక ఆయన ఊరుకున్నారా? మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు, తర్వాత అమెరికా వెళ్ళారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1945లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సంగ్రహణికి అది మందయింది. తనను కాపాడిన వైద్యాన్ని ఆయన తక్కువ చేయలేదు, దాని దగ్గరే ఆగిపోనూ లేదు.

మామయ్య: ఇంత చెప్పాక ఇక వంటింట్లో ఏం మిగిల్చావు? పోపులపెట్టె కూరకే అంటావా?

అమ్మాయి: అయ్యో, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఇరవయ్యో శతాబ్దంలో వైద్యం సాధించిన అతి ముఖ్యమైన విజయం బహుశా ఇదేనని 1978లో మీ 'లాన్సెట్' పత్రికే ఒకదాన్ని మెచ్చుకుంది. అది ఉప్పు, చక్కెర, నీళ్ళు. 1971 యుద్ధంలో తూర్పు బెంగాల్ కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా పొట్లాలు కట్టించి డ్రమ్ముల్లో కలిపించి, రోగి చుట్టాల చేతే తాగించాడు. నూటికి ముప్పై మంది చనిపోయే చోట చావులు నాలుగులోపుకు దిగాయి. పేగు విరేచనమవుతున్నప్పుడు ఉప్పును ఒంటరిగా లోపలికి రానివ్వదు. చక్కెర తోడుంటే రానిస్తుంది, ఆ వెంట నీళ్ళు వస్తాయి. ఆ కిటుకు తెలియడానికి ప్రయోగశాల కావలసి వచ్చింది, కలపడానికి చెంచా చాలు. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, కోటికి పైగా ఇళ్ళలో తల్లులకు ఇది నేర్పింది. మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. నేర్పి ఊరుకోలేదు. కొన్నాళ్ళకు వేరేవాళ్ళు వెళ్ళి తల్లి చేత కలిపించి చూసేవారు. ఆమె ఎంత గుర్తు పెట్టుకుందో దాన్ని బట్టే నేర్పినామెకు జీతం. ఇదీ మామయ్యా, నేను కొలిచిన ఇంటి వైద్యం అనేది. మన ఇళ్ళలో లీటరు కాచిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా గీసినట్టు సమంగా. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి, ఎక్కువ ఉప్పు పసివాడికి విషమే. పొట్లం దొరికితే పొట్లమే మేలు. దానితోపాటు జింకు మాత్రలు పద్నాలుగు రోజులు.

మీ గంజి కూడా గెలిచింది. కలరాలో బియ్యంతో చేసిన ద్రావణం విరేచనాన్ని ఇంకా తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఉప్పు వేసిన గంజి, జావ ఈ నేలలో ఏ గుడిసెలోనైనా ఉన్నవే. కానీ ఆ గంజిని తల్లి చేతిలోంచి లాక్కున్నది డాక్టరు కాదు, మన సామెత. లంఖణం పరమౌషధం! కడుపు కదిలిన పిల్లవాడికి తిండి మాన్పించడం, నీళ్ళు పోస్తే ఇంకా పోతుందని నీళ్ళు మాన్పించడం, చనుబాలు కూడా ఆపడం. పెద్దవాడి అజీర్తికి పుట్టిన మాటను ఆరు నెలల బిడ్డకు అంటగట్టాం. అసలే బక్కచిక్కిన బిడ్డ, ఆకలితో కాదు, ఎండిపోయి చనిపోతాడు. కాలిన గాయానికీ అంతే. సిరా, పేడ, టూత్‌పేస్టు, పసుపు, ఇవన్నీ పూసే ఇంట్లోనే బిందెలో అసలు మందు ఉంటుంది. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయడం. అది మరీ చవక కావడంతో మందులా కనిపించదు. ఆవిరి పట్టడం మందులా కనిపిస్తుంది. జలుబును అది తగ్గిస్తుందనడానికి పరీక్షల్లో నిలకడైన ఆధారం దొరకలేదు, మరుగునీళ్ళ గిన్నె ఒలికి కాలిన పిల్లలు మాత్రం ఆసుపత్రుల లెక్కల్లో ఉన్నారు.

మామయ్య: అంటే పోపులపెట్టెను నువ్వు కొట్టేయడం లేదు, దానికి గడియారం తగిలిస్తున్నావు.

అమ్మాయి: గడియారం ఒక్కటే కాదు, ఊరి పేరు కూడా. పంటికి లవంగం పెట్టుకోండి, దగ్గుకు తేనె నాకండి, గంజి తాగించండి. ఎర్ర చీమల పచ్చడి రుచికి తినండి, దాన్ని జ్వరానికి కాపలా పెట్టకండి. ఊరి పూజారి వడ్డె చేత మొక్కు చెల్లించుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు, వేలు గుచ్చిన తర్వాత. కానీ ఈ బ్లాకులో ఒంటికి వేడి తగిలితే, అది పసివాడి ఒళ్ళయినా చూలాలి ఒళ్ళయినా మీ ఒళ్ళయినా, మొదటి పని రక్తపు చుక్క. గీత పడితే మూడు రోజుల మాత్రలూ మూడు రోజులూ మింగాలి, మొదటి రోజే ఒళ్ళు తేలికైందని మిగతావి గూట్లో దాచకూడదు.

మామయ్య: గీత పడకపోతే?

అమ్మాయి: అప్పుడు మీ నేలవేము మరిగించండి, నేనే పక్కన కూర్చుని విసురుతాను. జ్వరం దిగకపోతే మర్నాడు మళ్ళీ చుక్క, ఆసుపత్రి దారి. బిడ్డ పాలు తాగకపోయినా, మూర్ఛ వచ్చినా, పిలిస్తే పలక్కపోయినా మర్నాటిదాకా కూడా ఆగకూడదు.

మామయ్య ఇక్కడ ఒప్పుకున్నారో లేదో నేను రాయలేదు. ఆయన చివరి అభ్యంతరం ఒకటి మిగిలే ఉంటుంది, మితానిన్ ఇంటికి పోయి రావడానికి పట్టే సేపు వృథా కదా అని. దానికి జవాబు వాదంలో లేదు, పొయ్యి దగ్గర ఉంది. ఒక చెంబుడు నీళ్ళలో నేలవేము వేసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగించడానికి పట్టే సేపట్లో కిట్ మీద గీత తేలిపోతుంది.